ఎన్నాళ్లవరకు, ప్రభువా? – కష్టంలో మొరపెట్టడం గురించి

(సంఘంలో పరామర్శకు వెళ్లేవారి కోసం జరిగిన ఉదయపు కూడికలోని ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ ప్రభువు పేరట వందనాలు. వెనక బెంచీల వాళ్లకు వినబడుతోందా? ఆ మూల ఫ్యాను గొడవ చేస్తోంది, కాస్త ఆపండి తమ్ముడూ. ఆఁ, ఇప్పుడు బాగుంది. బైబిళ్లు తెచ్చారు కదా. ఫోనులో చదివేవాళ్లు ఫోనులోనే చదవండి, పరవాలేదు. వాట్సాప్ మాత్రం తెరవొద్దు.

బోర్డు మీద ఏం రాశారో చూడండి. "శ్రమలలో విశ్వాసమే బలము". మంచి మాట. మరి ఆ బలం ఎక్కడ దొరుకుతుంది అని అడిగితే మనం ఠక్కున "ప్రార్థనలో" అంటాం. ఏ ప్రార్థనలో? స్తుతి ప్రార్థన మనకు వచ్చు. విజ్ఞాపన వచ్చు. ఒప్పుకోలు వచ్చు. మొరపెట్టడం వచ్చా? "నా మొర ఆలకించుము" అని కీర్తనల్లో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. చదవడం వచ్చింది గాని పెట్టడం రాలేదు. ఇంట్లో ఆపద వచ్చిపడ్డ రోజున మన నోట వచ్చేది ఏమిటి? "స్తోత్రం ప్రభువా, అంతా నీ చిత్తం." ఆ మాట తప్పని నేను అనను. లోపల ఒకటి మండుతుంటే పైకి ఒకటి చెబుతున్నాం, అంతే. దేవుని ఎదుట కూడా మర్యాదకు మాట్లాడుతున్నాం.

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. అందులో మొరలు ఎన్ని? ఏ కీర్తనను ఏ గుంపులో వేస్తామన్న దాన్ని బట్టి లెక్క అటూ ఇటూ అవుతుంది, కానీ సుమారు మూడోవంతు మొరలే. ఇశ్రాయేలీయులు ఆరాధనలో పాడుకున్న పాటల్లో మూడోవంతు ఏడుపు అన్నమాట. మన ఆదివారం ఆరాధనలో ఎంత? మీరే చెప్పండి. అందుకే ఈ ఉదయం నేను ఒక్క సంగతే పట్టుకుంటాను. మొరపెట్టడం విశ్వాసం తగ్గినవాళ్లు చేసే పని అని మనలో ఒక అనుమానం ఉంది. బైబిలు చూస్తే అది విశ్వాసం చేసే పనుల్లో ఒకటి. దానికో పద్ధతి ఉంది, ఆ పద్ధతి నేర్చుకోవచ్చు, నేర్పించవచ్చు.

13వ కీర్తన తీయండి. ఆరు వచనాలే. అక్కా, మీరు చదవండి మొదటి రెండూ. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా? నాకెంతకాలము విముఖుడవై యుందువు?" చాలు. కింద "ఎంతవరకు, ఎంతవరకు" అని ఇంకా ఉంది. హెబ్రీలో ఇక్కడ ఒకే మాట నాలుగుసార్లు వస్తుంది, తలుపు మీద నాలుగు దెబ్బలు కొట్టినట్టు. మన అనువాదంలో ఒకచోట ఎన్నాళ్లని, ఒకచోట ఎంతకాలమని, ఒకచోట ఎంతవరకని మార్చి మార్చి వేశారు. చదవడానికి అందంగా ఉంది, దెబ్బ మాత్రం కాస్త తగ్గింది. మీరు ఇంటింటికి వెళ్లి చదివేటప్పుడు ఆ ప్రశ్నలన్నీ ఒకే బరువుతో, ఆగి ఆగి చదవండి.

ఈ ఆరు వచనాల్లో ఏమేమి ఉన్నాయి? మొట్టమొదట పిలుపు. "యెహోవా" అన్న ఒక్క మాట. దావీదు గోడతో మాట్లాడటం లేదు, తనలో తాను గొణుక్కోవటం లేదు, పక్కింటివాళ్లతో చెప్పుకోవటం లేదు. దేవుని పేరు పెట్టి పిలిచాడు. మొరకూ సణుగుడుకూ తేడా ఇక్కడే. అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగారు, దేవుడికి కోపం వచ్చింది. వాళ్లు దేవుని గురించి తమలో తాము మాట్లాడుకున్నారు. దావీదు దేవునితోనే మాట్లాడాడు. ఫిర్యాదు రెండుచోట్లా ఉంది. ఎవరి ముఖం చూసి చెప్పారన్నదే తేడా.

పిలుపు తరవాత ఫిర్యాదు. రెండు వచనాల నిండా అదే. చూడండి, మూడు వైపుల నుంచి వస్తుంది. నువ్వు మరిచిపోయావు, ఇది దేవుడి మీద. నా మనసులో చింత, ఇది తన లోపల. నా శత్రువు హెచ్చించుకుంటున్నాడు, ఇది బయట. ఏ కష్టమైనా తీసుకోండి, ఈ మూడు వైపులూ ఉంటాయి. పరామర్శకు వెళ్లినప్పుడు మనిషి ఒక్క వైపే చెబుతాడు. అప్పులవాళ్ల గురించి చెబుతాడు, రాత్రి నిద్ర పట్టని సంగతి చెప్పడు. నిద్ర సంగతి చెబుతాడు, దేవుడి మీద కోపంగా ఉందన్నది అసలే చెప్పడు. పాస్టరు గారు ఏమనుకుంటారోనని. మీరు లాగి అడగొద్దు గాని, మిగతా రెండు వైపులూ ఉన్నాయని మీ మనసులో పెట్టుకోండి.

తరవాత మనవి, 3, 4 వచనాలు. "నాకుత్తరమిమ్ము... నా కన్నులకు వెలుగిమ్ము." సూటిగా ఉంది. "నీ చిత్తమైతే, నీకు ఇష్టమైతే, నీ సమయంలో" అని చుట్టూ తిరగలేదు. గెత్సేమనేలో యేసు ప్రభువు "నీ చిత్తప్రకారమే" అన్నాడు కదా అంటారు. అన్నాడు. దానికి ముందు ఏమన్నాడు? ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము. ముందు అడిగాడు, ఆ తరవాత అప్పగించాడు. మనం అడగటం మానేసి నేరుగా అప్పగింతకు వెళ్లిపోతాం. అడగనిదాన్ని అప్పగించడం ఏమిటి చెప్పండి?

ఇక 5వ వచనం. "నేనైతే." ఈ "నేనైతే" దగ్గర మొత్తం కీర్తన మలుపు తిరుగుతుంది. "నేనైతే నీ కృపయందు నమ్మికయుంచి యున్నాను." మంచిది. నాలుగో వచనానికీ అయిదో వచనానికీ మధ్య ఏం జరిగింది? శత్రువు చచ్చాడా? జబ్బు నయమైందా? అప్పు తీరిందా? ఏమీ జరగలేదు. పరిస్థితి ఎక్కడిదక్కడే ఉంది. దేవుడి ముందు అంతా కుమ్మరించాక తన కాలు దేని మీద ఉందో అతనికి గుర్తొచ్చింది, అంతే. చివర ఆరో వచనంలో మొక్కుబడి లాంటిది, "ఆయనను కీర్తించెదను". రేపు పాడతాను అంటున్నాడు.

పిలుపు, ఫిర్యాదు, మనవి, నమ్మిక, స్తుతి. కాగితం మీద రాసుకోండి. ఇవి గడిచే వేగం గురించే నా భయం. మనం పరామర్శకు వెళ్లి ఏం చేస్తాం? అవతలివాళ్లు ఇంకా రెండో వచనంలో ఉంటారు, మనం వాళ్ల చెయ్యి పట్టి అయిదో వచనానికి ఈడుస్తాం. "ఏడవకండి అమ్మా, నమ్మిక ఉంచండి." వాళ్లు మన కోసం అయిదో వచనానికి వస్తారు, మనం గడప దాటగానే మళ్లీ రెండో వచనానికి వెళ్లిపోతారు. ఈసారి ఒంటరిగా.

అసలు "నేనైతే" రాని కీర్తన కూడా ఒకటి ఉంది, తెలుసా? 88. హేమాను రాసింది. 18 వచనాలు. మొదట్లో "నాకు రక్షణకర్తవగు దేవా" అన్న పిలుపు ఉంది, ఆ తరవాత వెలుగు ఎక్కడా లేదు. చివరి మాట చీకటి మీద ఆగిపోతుంది. "చీకటియే నాకు బంధువర్గమాయెను." ముగింపులో హల్లెలూయా లేదు. అయినా దాన్ని పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. ఎందుకు ఉంచారంటారు? కొన్ని రాత్రులు అలాగే ముగుస్తాయి కాబట్టి. ఆ రాత్రి కూడా హేమాను మాట్లాడింది దేవునితోనే. పగలూ రాత్రీ, పొద్దున్నే, మూడుసార్లు మొరపెట్టానని ఆ కీర్తనలోనే ఉంది. జవాబు మాత్రం రాలేదు. డిప్రెషనుతో ఉన్న మనిషికి ఏం చదవాలో తెలియకపోతే 88 చదవండి. "ఇలాంటిది బైబిల్లో ఉందా!" అంటారు.

విలాపవాక్యములు చూడండి, అదో పెద్ద ఏర్పాటు. యెరూషలేము కూలిపోయాక రాసింది. హెబ్రీ అక్షరాలు 22. మొదటి, రెండో, నాలుగో అధ్యాయాల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో వచనం చొప్పున 22. మూడో అధ్యాయంలో అక్షరానికి మూడు, అంటే 66. మనకైతే అ నుంచి క్ష దాకా వరసగా ఏడ్చినట్టు. ఏడుపుకు ఒక వరస పెట్టాడు, ఏ అక్షరాన్నీ వదలకుండా. అయిదో అధ్యాయంలోనూ 22 వచనాలే, కానీ అక్షరాల వరస లేదు. ఓపిక అయిపోయిందో ఏమో. మనం గోడల మీద రాసుకునే "అనుదినము నూతనముగ" అన్న మాట సరిగ్గా నడిమధ్యలో, మూడో అధ్యాయంలో ఉంది. దాని తరవాత ఇంకా రెండు అధ్యాయాల దుఃఖం ఉంది. ఆశ దొరికాక కూడా ఏడుపు ఆగదని, ఆగక్కర్లేదని అర్థం.

ఇంకొక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. 56వ కీర్తన 8వ వచనం. "నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి, అవి నీ కవిలెలో కనబడును గదా." కవిలె అంటే ఏమిటో ఇక్కడి పిల్లలకు తెలుసా? తాతగారూ, మీరు చెప్పండి. ఆఁ, లెక్కల పుస్తకం. కరణాలు రాసేవారే, ఎవరి పొలం ఎంత, ఎవరి శిస్తు ఎంత అని, అది. అనువాదకులు ఎంత చక్కని మాట వేశారో చూడండి. దేవుడి కవిలెలో మన కన్నీళ్లు పద్దు రాసి ఉన్నాయట.

సొంత మొర రాసుకోవడం

ఇది చేతితో చేసే పని. కూతుళ్ల పాత నోటుపుస్తకం అయినా చాలు. అయిదు భాగాలు అన్నాం కదా. పిలుపు ఒక వాక్యం. ఫిర్యాదు కనీసం నాలుగు వాక్యాలు, ఎక్కువైనా సరే. మనవి ఒకటి లేక రెండు. నమ్మిక ఒక్క వాక్యం. స్తుతి ఒక్క వాక్యం, అదీ వస్తేనే. రాకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయండి, హేమాను వదిలేశాడు. తారీఖు తప్పకుండా వేయండి. ఆరు నెలల తరవాత తిప్పి చూసుకుంటే ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో తెలుస్తుంది.

భాష గురించి ఒక మాట. మనం ప్రార్థనకు లేవగానే బైబిలు తెలుగులోకి వెళ్లిపోతాం. "అనుగ్రహించుము, దయచేయుము" అని. మొర ఇంటి తెలుగులో రాయండి. మిర్చి వేసిన రైతు ఒకాయన ఉన్నాడనుకోండి. ఆయన మొర ఇలా ఉండొచ్చు. "తండ్రీ, తోటకి నల్ల తామర పురుగు పట్టింది. మూడుసార్లు మందు కొట్టాను, పూత రాలిపోయింది. కౌలు కట్టాలి, మందుల కొట్టువాడు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. నా పెళ్లాం మొహం చూడలేకపోతున్నా. పక్క చేను బానే ఉంది, నాదే ఎందుకు పోయింది? నీకు కనబడటం లేదా? వడ్డీ కట్టడానికి ఈ నెల దారి చూపించు. కొట్టువాడితో మాట్లాడే ధైర్యం ఇవ్వు. పోయినేడు పిల్లాడి ఆపరేషనప్పుడు నువ్వు ఉన్నావు, అది నేను మర్చిపోలేదు." అంతే. చూశారా, "వడ్డీ కట్టడానికి ఈ నెల" అన్నాడు. "నా ఆర్థిక సమస్యలన్నీ తీర్చు" అనలేదు. మనవి ఎంత సన్నగా ఉంటే, జవాబు వచ్చినప్పుడు అంత స్పష్టంగా గుర్తుపడతాం.

ఇందులో జనం ఎక్కడ తప్పుతారు? ఎక్కువమంది ఫిర్యాదు రాయమంటే పాపం ఒప్పుకోలు రాస్తారు. "నా అవిశ్వాసం వల్లే ఇలా జరిగింది" అని. నిజంగా తప్పు చేసి ఉంటే ఒప్పుకోండి, దానికి 51వ కీర్తన ఉంది. జబ్బు చేసినందుకు ఒప్పుకోలు ఎందుకు? కష్టాల్లో ఉన్న యోబును "నీ పాపం వల్లే" అన్న అతని స్నేహితులు చేసిన తప్పే అది, మనం మన మీదే చేసుకుంటున్నాం.

వాగ్దానాల కాగితాలు

కొంచెం కష్టమైన చోటికి వచ్చాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం తీసుకుంటాం కదా. పళ్లెంలో చిన్న చిన్న కాగితాలు. ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంటాం. మంచి ఆచారమే, వాక్యం ఏడాదంతా కళ్లెదుట ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఆ కాగితంలో ఒక్క వచనమే పడుతుంది. దాని ముందూ వెనకా ఉన్నది పట్టదు.

యిర్మీయా 29:11 ఎంతమంది ఇళ్లలో ఉంది? చేతులు ఎత్తండి. చూశారా. సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు అని. దాని మీది వచనం ఎవరింట్లోనైనా ఉందా? 10వ వచనంలో 70 సంవత్సరాలు అని ఉంది. ఇది బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరం. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లే రోజు చూడరు. అందుకే 5, 6 వచనాల్లో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అన్నాడు. ముందరి అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగి వస్తుందని చెప్పాడు. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుంది? రెండేళ్లన్నవాడిదా, డెబ్భయ్యేళ్లన్నవాడిదా? హనన్యా ఆ ఏడే చనిపోయాడు. పరామర్శకు వెళ్లి "ఈ నెలలోనే నయమైపోతుంది, ప్రభువు నాకు చెప్పాడు" అనేవాళ్లు హనన్యా వరసలో నిలబడుతున్నారు. ఆ నెల దాటాక ఆ ఇంటివాళ్ల విశ్వాసానికి తగిలే దెబ్బ, జబ్బు కొట్టిన దెబ్బకంటే పెద్దది.

ఫిలిప్పీ 4:13 కూడా అంతే. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." పరీక్షల ముందు పిల్లలకు చెబుతాం. పౌలు చెరసాలలో ఉండి రాశాడు అది. పై వచనంలో ఆకలిగొనియుండుట, లేమిలో ఉండుట నేర్చుకున్నాను అంటాడు. ఆ "సమస్తము"లో పస్తు ఉంది. పస్తు కూడా భరించగలను అంటున్నాడు ఆయన.

పరామర్శ గది

ఇప్పుడు మనం వెళ్లే ఇంటి సంగతి. యోబు స్నేహితులు ముగ్గురు వచ్చారు. ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు, 2:13. అంతవరకు వాళ్లంత మంచి స్నేహితులు లేరు. నోరు తెరిచాక అంతా పాడైంది. చివర 42వ అధ్యాయంలో దేవుడు ఎవరిని తప్పుపట్టాడు? వాళ్లని. దేవుడి పక్షాన వాదించినవాళ్లని. దేవుడితో తగవు పడిన యోబే సరిగా మాట్లాడాడన్నాడు.

యోహాను 11 చూడండి. సహోదరుడు లాజరు చనిపోయాక మార్త, మరియ ఇద్దరూ యేసు ప్రభువుతో ఒకే మాట అన్నారు. 21లో మార్త, 32లో మరియ. "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును." అది ఫిర్యాదే, ఆయన మొహం మీదే. మార్తకు ప్రభువు మాటలతో జవాబిచ్చాడు, పునరుత్థానమును జీవమును నేనే అని. మరియకు మాట చెప్పలేదు, సమాధి ఎక్కడని అడిగి ఏడ్చాడు. ఒకే ప్రశ్నకు ఇద్దరు అక్కచెల్లెళ్లకు రెండు రకాల జవాబు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. కాబట్టి మనకు ఒక ప్రసంగం కంఠతా వచ్చింది కదా అని ప్రతి ఇంట్లో అదే అప్పజెప్పొద్దు.

ఎలా వెళ్లాలి? ఇద్దరు, మించితే ముగ్గురు. పదిమంది వెళితే ఆ ఇంటివాళ్లు టీల పనిలో పడతారు. ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికి మగవాళ్లు మాత్రమే వెళ్లొద్దు. మొదటిసారి ఇరవై నిమిషాలు చాలు. ఆసుపత్రిలో అయితే అయిదు, పది. ఐసీయూ బయట ఉన్నవాళ్ల దగ్గర కూర్చోవడమే పరామర్శ. వెళ్లి కూర్చోండి. "ఎలా జరిగింది?" అని అడగొద్దు, అప్పటికి వందమందికి చెప్పి ఉంటారు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

ఏం చదవాలి? మంచం మీద ఉన్నవాళ్లకు 23వ కీర్తన, నిమిషం కూడా పట్టదు. అందులో ఒకటి గమనించండి. మొదటి మూడు వచనాల్లో "ఆయన, ఆయన" అని ఉంటుంది, దేవుని గురించి చెబుతున్నాడు. గాఢాంధకారపు లోయలోకి దిగగానే "నీవు నాకు తోడై యుందువు". పచ్చిక మీద "ఆయన", లోయలో "నీవు". ఆ మాట దగ్గర గొంతు తగ్గించి చదవండి. రోమా 8:28, సమస్తమును సమకూడి జరుగుచున్నవి అన్నది, మొదటిరోజు శవం దగ్గర చదవొద్దు. అది సత్యమే. రెండు వచనాల ముందు 26 ఉంది కదా, అది చదవండి. ఆ అధ్యాయంలో మూలుగు మూడుసార్లు వస్తుంది. సృష్టి మూలుగుతోంది, మనం మూలుగుతున్నాం, ఆత్మ కూడా మాటలకందని మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేస్తోంది. ప్రార్థన చేయలేకపోతున్నామని బాధపడేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

ప్రార్థన మూడు నిమిషాలు దాటకూడదు. ప్రార్థనలో ప్రసంగం చేయొద్దు. కళ్లు మూసుకుని ప్రభువుకు చెబుతున్నట్టు ఇంటివాళ్లకు బుద్ధి చెప్పడం, అది మనకు బాగా అలవాటు. నవ్వకండి, అందరం చేస్తాం.

అనకూడని మాటలు కొన్ని. "దేవుడు మంచివాళ్లను త్వరగా తీసుకెళ్తాడు." పిల్లను పోగొట్టుకున్న తల్లితో ఈ మాట అంటే ఆవిడకు దేవుడు దొంగలా కనబడతాడు. "మీ ఇంట్లో ఏదో రహస్య పాపం ఉంది." ఇది యోబు స్నేహితుల మాట, దేవుడు కొట్టేసిన మాట. "ఇంకా విశ్వాసం పెంచుకోండి." పౌలు తన శరీరంలోని ముల్లు గురించి మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం చాలలేదంటామా?

శరీరం సంగతి

1 రాజులు 19. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని ప్రాణం తీసేయమన్నాడు. కర్మెలు మీద అగ్ని దింపినవాడే. దేవుడు ఏం చేశాడు? బైబిలు స్టడీ పెట్టాడా? నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినిపించాడు. ఆ తరవాతే హోరేబు ప్రయాణం, ఆ తరవాతే "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న. తిండి, నిద్ర, ఆ తరవాత మాట. నేనొక్కడినే మిగిలానన్నాడు ఏలీయా. ఏడువేలమంది ఉన్నారన్నాడు దేవుడు, తోడుగా ఎలీషాను చూపించాడు.

ఎవరైనా మీతో "బతకాలని లేదు" అంటే "ఛ, అలా అనకూడదు, పాపం" అని నోరు మూయించకండి. సూటిగా అడగండి, "చనిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడొద్దు, పుట్టదు. గుండె తేలికవుతుంది. అవునంటే ఒంటరిగా వదిలి రావద్దు. ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటే వేరే చోటికి చేర్పించండి, మాత్రలు ఇంకొకరి చేతిలో ఉంచండి. 14416 టెలి మానస్, మనసు బాధలకు సాయం చేసే ఫోను నంబరు, ప్రభుత్వానిది, ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. అప్పటికే ఏదైనా తాగి ఉంటే ప్రార్థన కోసం ఆగొద్దు, 108కి ఫోను చేయండి. దారిలో ప్రార్థించండి.

మందులు. దయచేసి ఈ మాట గట్టిగా పట్టుకోండి. ప్రార్థన చేయించుకున్నాం కదా అని బీపీ మాత్ర, షుగరు ఇన్సులిన్, ఫిట్సు మందు, టీబీ మందు ఆపమని ఎవరూ చెప్పకూడదు. టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు ముదిరి ఆ మందుకే లొంగకుండా పోతుంది. ఫిట్సు మందు ఒక్కసారిగా ఆపితే వరసగా ఫిట్సు వచ్చి ప్రాణం మీదకు వస్తుంది. పౌలు పక్కన చివరిదాకా ఉన్నదెవరు? 2 తిమోతి 4:11, "లూకా మాత్రమే". ఆ లూకా వైద్యుడు, కొలస్సీ 4:14. అదే తిమోతి పత్రికలో త్రోఫిము రోగియైతే మిలేతులో వదిలి వచ్చానంటాడు, ఎంతోమందిని బాగుచేసిన పౌలు. మరణం దగ్గరపడిందని తెలిసి కూడా చలికాలం రాకముందే తన అంగీ, పుస్తకాలు తెమ్మంటాడు. అంగీ అడగడం అవిశ్వాసమా?

మన నేలలోనే ఒక సంగతి ఉంది. 1876-78లో ధాత కరువు వచ్చింది. ఒంగోలులో ఉన్న బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టాడు. బోధకులను మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి పని ఇచ్చాడు. కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. అడిగినవాళ్లు వేలల్లో ఉన్నా ఆపేశాడు. కరువు సాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి, ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు. ఆ సంఖ్య మనం గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అంతకుముందు ఆయన ఆపి ఉంచిన నెలలే గొప్పగా అనిపిస్తాయి. కష్టంలో ఉన్న మనిషిని మన లెక్కలో వేసుకోవడానికి తొందరపడలేదు. మనం కూడా బియ్యం సంచీ ఇచ్చి ఫొటో తీసి గ్రూపులో పెట్టొద్దు.

చివరగా క్యాలెండరు. మనిషి పోయాక పెట్టే ఆదరణ కూడిక దాకా ఇల్లు నిండా జనం. ఆ మర్నాటి నుంచి? టెంటు వాడు కుర్చీలు పట్టుకుపోతాడు, ఇంట్లో ఆవిడ ఒక్కతే. అసలు పరామర్శ అప్పుడు మొదలవుతుంది. ప్రతి జట్టుకు ఒక నోటుపుస్తకం ఇస్తున్నాం. చనిపోయిన తేదీ రాయండి. మొదటి వారంలో మరణ నమోదు అయిందో లేదో కనుక్కోండి, 21 రోజుల్లోపు చేయించాలి, దాటితే తిరుగుడు ఎక్కువ. పింఛనుకు, బ్యాంకుకు, బీమాకు అన్నిటికీ ఆ కాగితమే అడుగుతారు. మీలో చదువుకున్నవాళ్లు తోడు వెళ్లండి. నెలకోసారి వెళ్లండి, మూడో నెల తప్పనిసరి, అప్పటికి అందరూ మర్చిపోతారు. మొదటి క్రిస్మసు, పెళ్లిరోజు, ఏడాది తిరిగే రోజు, ఇవి ముందే గుర్తుపెట్టుకోండి. ఆ రోజున పోయినవాళ్లను పేరు పెట్టి తలచుకోండి. "గుర్తుచేస్తే ఏడుస్తారేమో" అంటారు. వాళ్లు మర్చిపోతే కదా మనం గుర్తుచేయడానికి.

ఆదివారం సాక్ష్యాల వేళ గురించి పాస్టరు గారితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఇకనుంచి కార్యం జరిగినవాళ్లే కాదు, ఇంకా జరగనివాళ్లు కూడా లేచి తమ మొర చెప్పుకోవచ్చు. సంఘం "ఎన్నాళ్లవరకు, ప్రభువా" అని వాళ్లతో కలిసి అంటుంది. జవాబు చెప్పదు.

సరే, కాగితాలు పంచుతున్నారు, వెనక్కి అందించండి. పావుగంట సమయం. మీ సొంత మొర రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు, నేను కూడా అడగను. పెన్ను లేనివాళ్లు ఇటు రండి. నమ్మిక దగ్గర ఆగిపోతే ఆగిపోండి. పన్నెండున్నరకు భోజనం.